మాత్రల నుంచి మారథాన్ దాకా నడిపించిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా! మీలో చాలామందికి నేను తెలుసు. పాటల బృందంలో రెండో వరుసలో నిలబడి పాడే సలోమిని, మణుగూరు గని కాలనీలో ఉంటాను, మా ఆయన యోహాను ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు, మాకు కెజియా అని ఒక్కతే అమ్మాయి. కానీ నేను అంత గట్టిగా పాడిన రోజుల్లో నిజంగా ఎలా ఉన్నానో పాస్టరుగారికి, పాస్టరమ్మగారికి తప్ప మీలో ఒక్కరికీ తెలియదు. నేను ఖమ్మంలో పదకొండు రోజులు నడుము నొప్పికి వైద్యం చేయించుకున్నానని మీరంతా అనుకున్నారు, నేనూ అనుకోనిచ్చాను. ఈ రోజు ఆ అబద్ధాన్ని మీ ముందు దించుకోవడానికే లేచి నిలబడ్డాను.

నేను నర్సును. పదహారేళ్లు మణుగూరులోనే ఒక చిన్న ప్రైవేటు దవాఖానాలో పని చేశాను. నాలుగేళ్ల కిందట వానాకాలంలో, డ్యూటీకి పోతుంటే బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద బురదకు స్కూటీ జారి పడ్డాను. ఎముక విరగలేదు గానీ నడుము పట్టేసింది, వంగితే లేవలేను, లేస్తే నిలబడలేను. డాక్టరుగారు పది రోజులకు నొప్పి మాత్రలు రాసిచ్చారు, వారం తిరిగేసరికి నొప్పి తగ్గింది, దేవునికి స్తోత్రం అనుకున్నాను! అయితే పదకొండో రోజు మాత్ర వేసుకోకపోతే ఒళ్లంతా చెమటలు, కాళ్లు లాగడం, ఊరికే ఏడుపు. ఇంకొక్క రోజు వేసుకుందామనుకున్నాను. ఆ ఒక్క రోజు రెండేళ్లయింది.

మందుల బీరువా తాళం నా దగ్గరే ఉండేది. రోగికి ఇచ్చినట్టు రాసి నేను మింగేదాన్ని, రోగి ఇంటికి పోయాక మిగిలినవి పారేసినట్టు రాసి నేను మింగేదాన్ని. వాటిని ఎక్కడ దాచేదాన్నో చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నా బైబిలు కవరుకు లోపల జిప్పు ఉన్న అర ఉండేది, అందులో దాచేదాన్ని! ఆ బైబిలు చేత పట్టుకునే గుడికి వచ్చి, ప్రసంగం జరుగుతుండగా బయటికి వెళ్లి, కుళాయి దగ్గర ఒకటి వేసుకుని వచ్చి, మళ్లీ మీ మధ్యలో కూర్చుని ఆమేన్ అనేదాన్ని.

అలాంటి రోజుల్లో ఒక వేసవిలో జోగమ్మ అనే ఒక పెద్దావిడను దవాఖానాకు తెచ్చారు. మా కాలనీకి ఎనిమిది కిలోమీటర్ల అవతల అడవిలో ఉన్న కోయగూడెం ఆమెది. బీడీలకు వాడే తునికాకు కోయడానికి గుట్ట ఎక్కి, బండ మీద నుంచి జారి, మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుంది. కట్టు కట్టాక, సాయంత్రం ఆమెకు నొప్పి ఇంజెక్షన్ ఇవ్వమని డాక్టరుగారు రాసి వెళ్లారు. సహోదరులారా, ఆ రోజు నా దగ్గర మాత్రలు అయిపోయాయి, ఒళ్లంతా చెమటలు పడుతున్నాయి. ఆమెకు ఇవ్వాల్సిన దాంట్లో సగం ఆమెకిచ్చాను, మిగతా సగం నేను తీసుకున్నాను.

ఆమె మూలుగు వార్డంతా వినిపించింది. పక్క మంచాల వాళ్లు నన్ను పిలిచి, "సిస్టరమ్మా, పాపం ముసలామెకు ఇంకేమన్న ఇయ్యరాదు?" అని అడిగారు. ఇచ్చేశాను, ఇంక ఇవ్వకూడదు అన్నాను. నా నోటితోనే అన్నాను! దగ్గరికి వెళ్లి దుప్పటి సర్దుతుంటే జోగమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్ మంచిగ చూస్తున్నవ్ బిడ్డా," అంది. ఆ మాట కన్నా ఆమె నన్ను చెంప మీద కొట్టినా బాగుండేదనిపించింది.

అది జరిగిన ఆదివారమే మా కెజియా వాక్యం రాసుకోవడానికి నా బైబిలు తీసింది. దానికప్పుడు పద్నాలుగేళ్లు. నేను వంటింట్లో ఉన్నాను. ఖాళీ మాత్రల అట్టలు గుప్పెడు పట్టుకొచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, ఇవేంది?" అంది. తలనొప్పి గోలీలన్నాను. అది నా ముఖం వైపు చూసి మెల్లగా, "అబద్ధం ఆడకమ్మా, నాకు భయమైతుంది," అంది.

పొయ్యి కట్టేసి అక్కడే నేల మీద కూలబడ్డాను. అన్నేళ్లు ఎంత అందంగా ప్రార్థన చేసేదాన్నో మీకు తెలుసు, ఆ రోజు నాకు ఒక్క అందమైన మాటా రాలేదు. "ప్రభువా, నేను దొంగను. నర్సు బట్టలేసుకున్న దొంగను. నొప్పితో ఉన్న మనిషి దగ్గర మందు దొంగిలించిన. నాకు మానాలని ఉంది, నాతోని అయితలేదు, నువ్వే నన్ను పట్టుకో తండ్రీ, విడిచిపెట్టకు." అంతే. నా బిడ్డ నా పక్కనే మోకాళ్ల మీద ఉండి నా భుజం పట్టుకుని ఏడ్చింది. ఆకాశం ఏమీ తెరుచుకోలేదు సహోదరులారా, కానీ డ్యూటీ నుంచి మా ఆయన వచ్చేసరికి నాకు నిజం చెప్పే ధైర్యం వచ్చింది. నా విడుదల అక్కడ మొదలైంది, దేవునికే మహిమ!

మా ఆయన డ్యూటీ బూట్లు కూడా విప్పకుండా అంతా విన్నాడు. తర్వాత, "పా, డాక్టర్‌సాబ్ దగ్గరికి పోదాం, నీ నోటితోనే చెప్పు, నేను పక్కన ఉంట," అన్నాడు. డాక్టరుగారు తాళాలు తీసుకున్నారు, ఉద్యోగం తీసేశారు, అది న్యాయమే. అయితే ఆయనే ఖమ్మంలో ఇలాంటి అలవాట్లు మాన్పించే దవాఖానాకు ఉత్తరం రాసి చేర్పించారు. అక్కడ పదకొండు రోజులు! ఎముకల్లో చీమలు పాకుతున్నట్టు ఉండేది, అన్నం చూస్తే వాంతి, ఎండాకాలంలో చలి. మన పాస్టరమ్మగారు, సంఘంలో అప్పుడు ఆమెకు ఒక్కదానికే తెలుసు, ఖమ్మంలోనే ఉండి రోజూ పగలంతా నా దగ్గర కూర్చునేది. పెద్ద ప్రార్థనలేమీ చేసేది కాదు. నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, "తండ్రీ, ఈ ఒక్క గంట దాటించు," అనేది. ఆ గంట దాటాక మళ్లీ అదే మాట. పదకొండు రోజులు దేవుడు నన్ను గంటగంటకూ దాటించాడు!

ఇంటికి వచ్చాక తెలిసింది అసలు కష్టం. రోజూ సాయంత్రం ఐదైతే చాలు, మాత్ర వేసుకునే వేళని ఒంటికి గుర్తొచ్చేది. ఖమ్మం డాక్టరు ఆ వేళకు ఇంట్లో ఉండొద్దు, నడవమని చెప్పారు. మా ఆయన నన్ను కాలనీ గ్రౌండుకు తీసుకెళ్లేవాడు. మొదటి వారం రెండు చుట్లు నడిచి కూర్చునేదాన్ని. నెల రోజులకు ఎనిమిది చుట్లు. ఒకరోజు లోపల ఆ కోరిక ఎంత బలంగా లేచిందంటే, దాన్నుంచి పారిపోవాలన్నట్టు ఒక్కసారిగా పరుగెత్తాను. పంజాబీ డ్రెస్సులో, చెప్పులతో, సగం చుట్టు! ఊపిరి ఆడక గోడ పట్టుకుని నిలబడ్డాను, కానీ ఆ కోరిక పోయింది. మరుసటి రోజు మా ఆయన పాత కాన్వాసు బూట్లు ముందు గుడ్డ కుక్కి వేసుకుని వెళ్లాను. గ్రౌండులో వాలీబాల్ ఆడేవాళ్లు, "సిస్టరమ్మా, ఎవలు తరుముతున్నరు?" అని నవ్వేవాళ్లు. ఎవరు తరుముతున్నారో నాకు తెలుసు, ఎవరు ముందు నిలబడి పిలుస్తున్నారో కూడా తెలుసు!

నాలుగు నెలలు గడిచాయి. ప్రభువు నన్ను క్షమించాడన్న నిశ్చయం నాకుంది, అయినా ప్రార్థనకు మోకరిస్తే జోగమ్మ ముఖం కనిపించేది. ఆ గూడేనికి బస్సు లేదు. మా ఆయన బండి మీద తీసుకెళ్తానన్నాడు, నేనే వద్దన్నాను, ఒక్కదాన్నే పోవాలి. ఒక శనివారం పొద్దున బయల్దేరి కొంత నడిచి కొంత పరుగెత్తి, సగం దూరంలో వాగు దాకా వెళ్లి, భయమై తిరిగొచ్చాను. తర్వాతి శనివారం కూడా అంతే. మూడో శనివారం ఆ వాగు దగ్గర ఆగి, "ప్రభువా, ఆమె తిట్టినా సరే, నన్ను అక్కడ దాక చేర్చు," అని నీళ్లలో కాలు పెట్టాను.

జోగమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన చేతికర్ర ఉంది. నన్ను గుర్తుపట్టి, "సిస్టరమ్మా, గింత దూరం వచ్చినవ్?" అని నవ్వింది. నేను కింద కూర్చుని ఆ సాయంత్రం చేసింది అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"అంటే నాకియ్యాల్సిన మందు నువ్ ఏసుకున్నవ్?"

"అవ్ అమ్మా."

"నేను గట్ల మొత్తుకుంటుంటే, తెలిసి కూడ ఊకున్నవ్?"

"అవ్."

నేను ఏడుస్తూ, దేవుడు నన్ను క్షమించాడమ్మా, నువ్వు కూడా క్షమించాలని అడుగుతున్నాను అన్నాను. అప్పుడు ఆమె అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "మీ దేవుడు క్షమించిండా? మంచిది. కానీ కాలు ఆయనది కాదు గద, నాది. నేను ఇంక క్షమియ్యలే. పో."

సహోదరులారా, నాకు కోపం రాలేదు. ఆమె చెప్పింది నిజమే కదా! లేచి వస్తూ చూశాను, ఆమె లోపలికి పోవడానికి కర్ర పట్టుకుని లేస్తుంటే మోకాలు వంగడం లేదు. కట్టు విప్పాక ఎవరూ వ్యాయామం చేయించలేదు, కీలు బిగుసుకుపోయింది. ఎలా చేయించాలో పదహారేళ్ల నర్సుకు తెలియదా? "ప్రభువా, నన్ను ఇక్కడికి క్షమాపణ అడగడానికే కాదు, పనికి కూడా పంపినవ్," అని దారంతా అనుకుంటూ వచ్చాను.

మళ్లీ శనివారం వెళ్లాను. "మళ్ల ఎందుకొచ్చినవ్?" అంది. కాలు చూస్తానన్నాను. వద్దంది. అరుగు కింద కూర్చున్నాను. ఆమె కోడలు మధ్యలో, "అత్తా, చూడనియ్యి, నష్టమేంది?" అంది. అలా మొదలైంది. వేడినీళ్ల కాపడం పెట్టి, కొబ్బరినూనె రాసి, మెల్లమెల్లగా మోకాలు వంచి చాపించడం. రెండు గంటలు ఆమె దగ్గర ఉండి మళ్లీ పరుగున ఇంటికి. పోను ఎనిమిది, రాను ఎనిమిది. వానలకు వాగు వస్తే పై నుంచి చుట్టు తిరిగి వెళ్లేదాన్ని, అప్పుడు ఇంకో మూడు కిలోమీటర్లు. ఎన్ని శనివారాలో లెక్కపెట్టలేదు. ఇప్పచెట్లు ఆకు రాల్చి పూలకొచ్చి, దారంతా ఆ తియ్యని వాసన నిండిన రోజుల్లో ఒక పొద్దున నేను వెళ్లేసరికి జోగమ్మ కర్ర లేకుండా వాకిలి ఊడుస్తోంది! ఆమె చీపురు ఆపకుండానే, "వచ్చే శనివారం జరంత జల్దీ రా బిడ్డా, ఎండ ముదురుతుంది," అంది. బిడ్డా అంది సహోదరులారా! క్షమించాను అనే మాట ఆమె అప్పుడూ అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. నాకు ఆ పిలుపు చాలు.

ఆ వేసవిలోనే మా ఆయన గని క్యాంటీన్‌లో అంటించిన కాగితం ఫోటో తీసుకొచ్చాడు. భద్రాచలం గోదావరి వంతెన దగ్గర మొదలై, అశ్వాపురం వైపు అడవి రోడ్డున వెళ్లి తిరిగి రావాలి, నలభై రెండు కిలోమీటర్ల మారథాన్, చలికాలంలో. "నువ్ ఎట్లైన ఉరుకుతనే ఉన్నవ్ గద సలోమీ, గిది కూడ ఉరుకు," అన్నాడు. నేను నవ్వాను. నలభై మూడేళ్ల మనిషిని, నడుము దెబ్బతిన్నదాన్ని! అయితే ప్రార్థనలో పెట్టిన కొద్దీ నాకొకటి అర్థమైంది, ఇన్నాళ్లూ దేని నుంచో పారిపోవడానికి పరుగెత్తాను, ఒక్కసారి స్తుతి కోసం పరుగెత్తాలి!

కెజియా క్యాలెండరు వెనుక గీతలు గీసి ఏ రోజు ఎంత దూరమో రాసింది. తెల్లవారుజామున అయిదుకు లేవడం, రాగిజావ తాగడం, లారీలు మొదలయ్యేలోపు రోడ్డెక్కడం. పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు. ఇరవై నాలుగు పరుగెత్తిన రోజు కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది, మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేదాన్ని. ముప్పై దాటిన రోజున మా ఆయన బండి మీద నీళ్ల సీసాలతో వెనకాలే వచ్చి, గని సైరన్ లాగా నోటితో కూత వేస్తూ నన్ను నవ్వించాడు. సంఘంలో ఒక పెద్దాయన, ఆయన ఇక్కడే ఉన్నారు, ఆయన మీద నాకు ప్రేమే, "ఆడమనిషి రోడ్ల మీద ఉరుకుడేంది, అది కూడ ఆదివారం నాడు?" అన్నారు. మారథాన్ ఆదివారం నాడే, నిజమే, నాకూ బాధగానే ఉండింది. పాస్టరుగారు ముందురోజు సాయంత్రం ఇంటికి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "రేపు మేం ఈడ పాడుతం, నువ్ ఆడ ఉరుకు, రెండూ ఆయనకే," అన్నారు. ఆ శనివారం జోగమ్మ వేయించిన ఇప్పపువ్వు ఆకులో మూటకట్టి పంపించింది, మధ్యలో తినమని.

తెల్లవారుతుండగా వంతెన దగ్గర నిలబడ్డాం. గోదావరి మీద మంచు పొగ లేస్తోంది. నా చుట్టూ సన్నటి పిల్లలు, రంగురంగుల బూట్లు. మొదటి ఇరవై కిలోమీటర్లు పక్షిలాగా పోయాను, నోట్లో ఇప్పపువ్వు, మనసులో పాట. వెనక్కి తిరిగాక ఎండ వచ్చింది, పాట ఆగిపోయింది. ముప్పై మూడో కిలోమీటరు దగ్గర నా నడుములో ఆ పాత నొప్పి, అదే చోట, కత్తి దించినట్టు లేచింది! రోడ్డు పక్కన కూలబడ్డాను.

అక్కడే ప్రథమ చికిత్స టెంటు ఉంది. నర్సింగ్ చదివే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. నడుము చూసి, డబ్బా తెరిచి, నొప్పి మాత్రల అట్ట తీసి, "ఆంటీ, గీ ఒక్క గోలీ ఏసుకోండ్రి, పది నిమిషాల్ల తగ్గుతది, మళ్ల ఉరకొచ్చు," అంది. ఎంత ప్రేమగా అందో! నా ఎదురుగా ఆమె అరచేతిలో ఒక మాత్ర, నీళ్ల గ్లాసు. అది నేను వాడినవాటి అంత బలమైనది కూడా కాదు. ఒక్కటే కదా, మంచి పని కోసమే కదా, ఎవరికీ తెలియదు కదా అని లోపల ఒక గొంతు, నాకు బాగా తెలిసిన గొంతు. నా చెయ్యి లేచింది సహోదరులారా, అబద్ధమాడను, నా చెయ్యి లేచింది!

"తండ్రీ, ఈ ఒక్క గంట దాటించు," అన్నాను, పైకే అన్నాను. ఆ లేచిన చేత్తోనే ఆ అమ్మాయి చెయ్యి మూసి, "నాకు ఇయ్యకు బిడ్డా. నేను గోలీలకు అలవాటు పడి, దేవుని దయతోని బయటపడ్డదాన్ని," అన్నాను. పాస్టరమ్మ, పాస్టరుగారు, నా ఇంటివాళ్లు, జోగమ్మ, డాక్టర్లు తప్ప ప్రపంచంలో ఎవరికీ చెప్పని మాట, ముక్కూ ముఖం తెలియని పిల్లకు చెప్పేశాను. భూమి బద్దలు కాలేదు. ఆమె అట్ట డబ్బాలో పెట్టేసి, "అట్లనా ఆంటీ, అయితే బోర్ల పండుండ్రి, ఐసు పెడ్త," అంది. ఇరవై నిమిషాలు ఐసు పెట్టి, నడుముకు గుడ్డ బిగించి కట్టి, చెయ్యి పట్టి లేపింది.

మిగతా తొమ్మిది కిలోమీటర్లు నేను పరుగెత్తానని చెప్పను. కుంటుతూ నడిచాను, ఒక్కో కరెంటు స్తంభం చూసుకుని అక్కడిదాకా ఉరికాను, మళ్లీ నడిచాను. నొప్పి ఉంది, నొప్పితోనే ఉన్నాను, అయినా నేను నేనుగానే ఉన్నాను! నొప్పి అంటే చావు కాదని, నొప్పిలో కూడా ఆయన పక్కన నడుస్తాడని నాకు అప్పుడు తెలిసింది. వంతెన చేరేసరికి షామియానా విప్పుతున్నారు, అరటిపండ్లు అయిపోయాయి, గడువుకు ఆరు నిమిషాలే మిగిలి ఉంది. మా ఆయన, కెజియా తాడు అవతల నిలబడి అరుస్తున్నారు. ఆడవాళ్లలో నేనే చివరిదాన్ని. గీత దాటి గోదావరి వైపు తిరిగి మోకాళ్ల మీద పడ్డాను, లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది, హల్లెలూయ!

ఇప్పుడు ఒక బడి హాస్టల్లో పిల్లల ఆరోగ్యం చూసే పని చేస్తున్నాను. మందుల బీరువా తాళం నాకొద్దని నేనే అడిగాను, వార్డెనమ్మ దగ్గర ఉంటుంది. సాయంత్రం ఐదు గంటలు కొన్ని రోజులు ఇంకా కష్టమే. నేను గెలిచేశానని చెప్పుకోవడానికి నిలబడలేదు, నన్ను పట్టుకున్నవాడు విడిచిపెట్టలేదని చెప్పడానికి నిలబడ్డాను. రోడ్డు పక్కన ఒక తెలియని పిల్లకు చెప్పగలిగినదాన్ని, నాతో కలిసి రొట్టె విరిచే మీకు చెప్పలేకపోతున్నానే అని ఇన్ని వారాలు నా మనసు నన్ను తిన్నది. నా భర్త కోసం, నా బిడ్డ కోసం, పాస్టరమ్మగారి కోసం, నన్ను చేర్చుకున్న ఖమ్మం డాక్టర్ల కోసం, జోగమ్మ కోసం దేవునికి కృతజ్ఞతలు.

ప్రియులారా, ఈ వరుసల్లో ఎవరో ఒకరు, సీసా కావచ్చు, గుట్కా కావచ్చు, మాత్ర కావచ్చు, ఇంకేదో కావచ్చు, దాచిపెట్టి నాలాగే గట్టిగా ఆమేన్ అంటున్నారేమో. మీకు భయమని నాకు తెలుసు. అందమైన ప్రార్థన అవసరం లేదు, ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పండి, తర్వాత ఒక మనిషికి చెప్పండి, దవాఖానాకు పోవాలంటే సిగ్గుపడకుండా పోండి, ఆయన అక్కడ కూడా ఉన్నాడు. తోడు ఎవరూ లేరంటే నేనొస్తాను, ఖమ్మం బస్సు పొద్దున ఆరున్నరకు, మీ పక్క సీట్లో నేను కూర్చుంటాను.